కొళాయి కాడ యుద్ధం



పిల్లల నవల గురించి మాట్లాడమంటే, నేను ఒక పందితో మొదలుపెడుతున్నాను. ఏమీ అనుకోకండి, ఆ పందికీ పిల్లల నవలకీ చుట్టరికం ఉంది.

1878లో అమెరికాలో టగ్ ఫోర్క్ అనే ఏటి పక్కన, ఒక పంది మాదంటే మాదని రెండు కుటుంబాలు పంచాయితీకెక్కాయి. ఏటికి ఈ గట్టు వెస్ట్ వర్జీనియా, ఇక్కడ హాట్‌ఫీల్డులు. ఆ గట్టు కెంటకీ, అక్కడ మెకాయిలు. అమెరికా అంతర్యుద్ధం నాటి నుంచి లోలోపల ఉన్న పగ ఈ పందితో పైకి తేలింది. తర్వాత పది పన్నెండేళ్ళు కాల్పులు, కొట్లాటలు, ఒక రాత్రి ఇల్లు తగలబెట్టడం, చివరికి 1890లో ఒక మనిషికి ఉరి. హాట్‌ఫీల్డ్, మెకాయ్ అనే రెండు ఇంటిపేర్లు ఆ దేశంలో కక్షకి మారుపేర్లయి కూర్చున్నాయి.

మన సీమలో ఈ కథ ఎవరికి చెప్పినా ‘ఆ, ఇంకేం’ అంటారు. పంది అన్నచోట పొలం గట్టు అనుకుంటే చాలు, మిగతాదంతా విన్నట్టే ఉంటుంది.

సరిగ్గా నూటపదిహేనేళ్ళ తర్వాత, 1993లో, అదే వెస్ట్ వర్జీనియాలో ఇంకో ఏటికి రెండు గట్ల మీదా రెండు కుటుంబాలని నిలబెట్టి ఒకావిడ నవల రాసింది. ఆవిడ పేరు ఫిలిస్ రెనాల్డ్స్ నేలర్. అంతకుముందు ఏడాదే ‘షైలో’ అనే కుక్కపిల్ల కథకి న్యూబరీ పతకం అందుకుంది. అమెరికాలో పిల్లల రచయితలకి అంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఆ కొత్త నవల పేరు ‘ది బాయ్స్ స్టార్ట్ ది వార్’. మగపిల్లలే యుద్ధం మొదలెట్టారని పేరులోనే తీర్పు చెప్పేసింది. అందులో ఒక గట్టు మీద హాట్‌ఫర్డుల నలుగురు మగపిల్లలు. ఎదురు గట్టు మీద మాలాయిల ముగ్గురు ఆడపిల్లలు. హాట్‌ఫర్డ్, మాలాయ్! పాత పగ పేర్లు ఎంత దగ్గరగా మోగుతున్నాయో వింటున్నారు కదా. పెద్దవాళ్ళు నెత్తురు పారించుకున్న నేల మీద పిల్లల చేత చచ్చిన చేపలు విసిరించింది ఆవిడ.

కథ చాలా చిన్నది. హాట్‌ఫర్డు పిల్లలకి ఎదురింట్లో బెన్సన్లని ప్రాణస్నేహితులు ఉండేవాళ్ళు. ఆ కుటుంబం ఇల్లు అద్దెకిచ్చి జార్జియా వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోకి మగపిల్లలు దిగుతారని వీళ్ళు ఆశగా కాచుకుని చూస్తే, దిగింది ముగ్గురు ఆడపిల్లలు. ఇక వీళ్ళ పథకం ఒక్కటే. ఈ ఊరు బాగాలేదనిపించేటట్టు చేసి వాళ్ళని తరిమెయ్యాలి, పాత నేస్తాలు తిరిగి రావాలి. అందుకని ఏటి పైనుంచి చచ్చిన చేపల్నీ పక్షుల్నీ నీళ్ళలోకి వదులుతారు. ఏరు విషమైపోయిందని అవతలివాళ్ళు హడలిపోవాలని. అవతలివాళ్ళేమో హడలిపోలేదు సరికదా, ఆ విషానికి మా చెల్లెలు పోయిందని నాటకం మొదలెట్టారు. కెరొలిన్ అనే ఎనిమిదేళ్ళ చిన్నది ఊపిరి బిగబట్టి శవమైపోయింది. అక్కలిద్దరూ దుప్పటిలో చుట్టి మోసుకొచ్చి, మగపిల్లలు చాటుగా చూస్తుండగా ఏట్లో వదిలేశారు.

ఆ కెరొలిన్‌కి పెద్దయ్యాక నటి కావాలని కోరిక. ఏది జరిగినా అందులో తనకొక వేషం వెతుక్కుంటుంది. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవగారు, ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి, ఈ పిల్లని చూసి ఉంటే తన నాటకంలోకి తీసుకునేవాడనిపిస్తుంది నాకు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్లల ఇంటి నుంచి ఒకసారి కేకు వస్తుంది. తల్లి ప్రేమగా చేసి పంపిన నిజమైన కేకు. మగపిల్లలకి అనుమానం. ఇందులో ఏం కలిపారో అని. ఆ అనుమానంతో చేతికొచ్చిన కేకుని చేతులారా పోగొట్టుకుంటారు. కక్ష అనేదాని గురించి పెద్ద పుస్తకాలు చెప్పే మాట ఈ కేకు ముక్క చెప్పేసింది. శత్రువు మంచి చేసినా తినలేని స్థితి. అయినా పిల్లలు చదివి నవ్వుతారు, కేకు పోయినందుకు కాస్త బాధ కూడా పడతారు.

ఈ యుద్ధం ఒక పుస్తకంతో ఆగలేదు. పన్నెండు పుస్తకాలయింది. చివరిది 2006లో వచ్చింది, దాని పేరే ‘ఎవరు గెలిచారు?’ అని. పదమూడేళ్ళపాటు పాఠకులని నవ్వించాక కూడా ఆవిడ ప్రశ్న అడిగిందే తప్ప పేరులో జవాబు పెట్టలేదు. నాకు ఆవిడ రచనలో అన్నిటికన్నా నచ్చినది ఇంకొకటుంది. కథ ఒక అధ్యాయం మగపిల్లల్లో మూడోవాడైన వాలీ వైపు నుంచి నడుస్తుంది, ఇంకో అధ్యాయం కెరొలిన్ వైపు నుంచి. బడిలో కూడా వాలీ వెనకాలే కెరొలిన్ కూర్చుంటుంది. ఇద్దరి బుర్రల్లోకీ మనకి దారి ఉంది, వాళ్ళకి మాత్రం ఒకరి బుర్రలోకి ఒకరికి లేదు. నవ్వు అక్కడ పుడుతుంది.

ఇప్పుడు మన పుస్తకాల అల్మారా దగ్గరికి వద్దాం.

పక్కింటి ఆడపిల్ల అనగానే తెలుగువాళ్ళకి ఒక్క పేరే తడుతుంది, సీగానపెసూనాంబ. ఆమె కనిపించే ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ 1950ల రెండో సగంలో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది, బాపు బొమ్మలతో. ఆ బుడుగుని సృష్టించిన రమణగారి మొదటి కథ 1945లో ‘బాల’ పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక నడిపినవాళ్ళు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే పాత శ్రోతలకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అన్నట్టు ఆ మొదటి కథ పేరు ‘అమ్మ మాట వినకపోతే’. ఆ పేరుతో బయల్దేరిన రచయిత చివరికి ఎవరి మాటా వినని పిల్లాణ్ణి మనకిచ్చిపోయాడు.

బుడుగులో యుద్ధం ఉందా అంటే, ఉంది. కానీ అది పిల్లలకీ పెద్దలకీ మధ్య. ప్రైవేటు మాస్టారు, బాబాయి, పక్కింటి లావుపాటి పిన్నిగారి మొగుడు, వీళ్ళందరూ ఒక పక్షం. బుడుగు ఒంటరి సైన్యం. పెసూనాంబ అతని జట్టు. ఆమె గురించి మనకి తెలిసేది దాదాపు అంతా బుడుగు నోటే తెలుస్తుంది. ఆమె ఇంటికెళ్ళి బుడుగు గురించి ఏం చెప్పుకుందో మనకి తెలియదు. చెప్పుకునే ఉంటుంది!

తర్వాత వచ్చిన బాల్యం కథలూ అంతే. చిత్తూరు జిల్లా నుంచి నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ రాశాడు, కావలి నుంచి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ రాశాడు. రెండూ నేను పగలబడి నవ్విన పుస్తకాలు. రెండింటిలోనూ మాట్లాడేది మగపిల్లాడు. అటువైపు సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ ఉంది. అందులో మాట్లాడేది ఆడపిల్ల, ఎంత గడుగ్గాయో చదివినవాళ్ళకి తెలుసు. ఇంగ్లండులో అయితే 1922 నుంచి పుస్తకాలుగా వచ్చిన రిచ్‌మల్ క్రాంప్టన్ విలియం కథలున్నాయి. అడిగింది ఇవ్వకపోతే వాంతి వచ్చేదాకా అరుస్తానని బెదిరించే వయొలెట్ ఎలిజబెత్ అనే అదే ఊరి పిల్ల అందులో విలియంని ముప్పుతిప్పలు పెడుతుంది. అక్కడ కూడా కథ విలియందే. అంటే మన దగ్గర మగపిల్లల వాంగ్మూలం ఉంది, ఆడపిల్ల వాంగ్మూలం ఉంది. ఇద్దరినీ ఒకే బోనులో ఎదురెదురుగా నిలబెట్టిన పుస్తకం నా కంటపడలేదు.

అలాంటి పుస్తకం అనంతపురంలోనే పుట్టాలని నా పట్టుదల. సొంతూరి మీద అభిమానమని కొట్టిపారేయకండి, కారణం ఉంది.

మన జిల్లా సాహిత్యం ఏం రాసిందో చూడండి. విద్వాన్ విశ్వం 1956లో ‘పెన్నేటి పాట’ రాశాడు. సింగమనేని నారాయణ రైతు బతుకు రాశాడు. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ రాశాడు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కరువు రాశారు, వలస రాశారు, కులం రాశారు, కక్ష రాశారు. రాయవలసినవే, బాగా రాశారు. ఆ కథల్లోకి పిల్లలు కూడా వస్తారు. ఆకలితో వస్తారు, బడి మానేసి వస్తారు, బెంగళూరు బస్సెక్కే అమ్మానాన్నల వెనక ఏడుస్తూ వస్తారు. అదంతా నిజమే. అయితే అదే పిల్లలు ఆ సాయంత్రం అవ్వ దగ్గర బొరుగులు తిని, వీధిలోకి పోయి, ఎదురింటి పిల్ల జడకి పల్లేరు కాయలు అంటించి పరిగెత్తారన్న సంగతి ఎవరూ రాయలేదు. కరువు నేలలో పిల్లలు నవ్వరని ఎవరు చెప్పారు?

సరే, నేలర్ నవలని తెచ్చి మన పెన్నలో పెడదామంటే కుదరదు. ఎక్కడో నందికొండల్లో పుట్టిన పెన్న మన దగ్గరికి వచ్చేసరికి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కెరొలిన్‌ని దుప్పటిలో చుట్టి పెన్నలో వదిలితే ధబ్బున ఇసుకలో పడి ‘అబ్బా, నడుం!’ అంటుంది. నాటకం అక్కడికక్కడే ముగుస్తుంది. ఉన్నట్టుండి 2022 అక్టోబరులోలాగా పండమేరు పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్ళొస్తే తప్ప, ఏటికి రెండు గట్లు అనే మాటకి మన పిల్లలకి అర్థమే లేదు. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటుంది. ఈశాన్యం కోస్తాలో ఖర్చయిపోయి వట్టి చేతుల్తో ఇక్కడికొస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడితే.

మన యుద్ధానికి సరిహద్దు కొళాయి. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక జిల్లాలో వందల ఊళ్ళకి పైపుల్లో నీళ్ళు చేరాయి. అంతకుముందు బావి, దాని తర్వాత బోరింగు, ఆ తర్వాత వీధి కొళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో కచ్చితంగా తెలియని ఊళ్ళో జనం ముందురాత్రే వరసలో బిందెలు పెడతారు. బిందె లేకపోతే ఒక రాయి పెడతారు, ఆ రాయి ఫలానా ఇంటిదని అందరికీ తెలుసు. ఇక చూసుకోండి. పదేళ్ళ పిల్లాడికి ఆ బిందెల వరస కనపడితే, రాత్రి చీకట్లో మొదటి బిందెని చివరికి, చివరి రాయిని మొదటికి మార్చాలని బుద్ధి పుట్టకుండా ఉంటుందా?

తెల్లారి నీళ్ళొస్తాయి. వరస తారుమారు. ‘నా బిందె యాడ పెట్నో యాడుందో చూడక్కా’ అని ఒకామె, ‘నేనేమన్నా నడిపించుకుంటా వచ్చినానా దాన్ని’ అని ఇంకొకామె. ఆడపిల్లలకి ఎవరి పనో తెలిసిపోయింది. ఆ సాయంత్రం మగపిల్లలు నీళ్ళ డబ్బాలు కట్టుకున్న సైకిళ్ళన్నిటికీ గాలి లేదు. వాల్వులు కూడా లేవు. అవి ఎక్కడున్నాయంటే, గచ్చకాయలాటలో కాయలకి బదులుగా ఎగురుతున్నాయి.

ఇక్కడే మన నవల అమెరికా నవలకన్నా ఒక మెట్టు పైకి వెళ్తుంది. నేలర్ పిల్లల సంగతి పెద్దవాళ్ళకి తెలిస్తే ఏమవుతుంది? తిడతారు, ఇంట్లోంచి కదలొద్దంటారు. మన ఊళ్ళో తెలిస్తే? బిందె జరిపింది నీ కొడుకంటే నీ కొడుకని పెద్దవాళ్ళు దిగుతారు. పెద్దవాళ్ళు దిగితే మాట బిందె దగ్గర ఆగదు, పోయినసారి ఎన్నికల దాకా పోతుంది, అక్కడి నుంచి గట్టు దాకా, చీనీ చెట్ల దాకా పోతుంది. పెంచిన చీనీ తోటలు రాత్రికి రాత్రి నరుక్కున్న ఊళ్ళు మనకి తెలుసు. ఆ సంగతి పిల్లలకీ తెలుసు. కాబట్టి ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎంత పళ్ళు నూరుకుంటున్నా, పెద్దవాళ్ళు అడిగేసరికి రెండు పక్షాలూ ఏకమై ఒకే అబద్ధం చెప్పాలి. ‘కుక్కలు తోసినాయి మామా.’ ‘అవునత్తా, నేనూ చూసినా, నల్లకుక్క.’ బయటికి శత్రువులు, లోపల ఉమ్మడి రహస్యం. ఇంత మంచి చిక్కుముడి నేలర్‌కి కూడా దొరకలేదని నా నమ్మకం.

మామా, అత్తా అన్నాను కదా, దానిలో ఇంకొక యుద్ధం దాగుంది. అమెరికా పిల్లలు ఒకరికొకరు పరాయివాళ్ళు. మన ఊళ్ళో ఎదురింటి పిల్ల పరాయిది కాదు, వరస ఉంటుంది. చెల్లెలు వరసైతే ఒక రకం తిట్లు, మరదలు వరసైతే వేరే రకం. మేనరికాల సీమ కాబట్టి ముసలివాళ్ళకి అదొక కాలక్షేపం. కొళాయి దగ్గర అరుగు మీద కూర్చున్న అవ్వ ‘ఏమ్మే, నీ మొగుడొస్తాండాడు చూడు, బిందె ఎత్తమను’ అంటుంది. అంతదాకా ఆ ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక బొంగరం తగాదా. ఆ ఒక్క మాటతో అది పరువు సమస్య అయింది. అమ్మాయి చేతిలో బిందె గాల్లోకి లేస్తుంది. నీళ్ళ బిందె కాదు లెండి, అనంతపురంలో కోపానికి కూడా పొదుపుంటుంది, ఖాళీ బిందె. సొట్టపడిన ఆ బిందె గురించి ఇంట్లో ఏం చెప్పాలన్నది తర్వాతి అధ్యాయం.

ఈ అవ్వల సరసం నవలలో ఉండాలి. కానీ రచయిత అవ్వతో కలిసి నవ్వకూడదు, ఆ పిల్లతో కలిసి మండిపోవాలి. పదేళ్ళ పిల్లకి పెళ్ళి మాట ఇక్కడ వట్టి సరసం కాదు. ఆమెకి ఆట ఆడే కాలం తక్కువ. పెద్దమనిషి అయిందంటే వీధిలో ఆట బందు. అంతకుముందు మాత్రం ఏం తీరిక? నీళ్ళు తేవాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, చెనక్కాయలు ఒలవాలి. మగపిల్లాడు రోజంతా పథకాలు వేసుకోవచ్చు. ఆమె బిందె నెత్తిన పెట్టుకుని నడుస్తూ వెయ్యాలి. అందుకే ఆమె పథకం చిన్నదిగా, పదునుగా ఉంటుంది. చెయ్యి ఖాళీ లేదు కాబట్టి నోటితో పని కానిస్తుంది. మన పల్లెల్లో ఆడపిల్లల నోటిదురుసు గురించి ఫిర్యాదు చేసే మగవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. రెండు పక్షాలకీ సమానంగా అధ్యాయాలివ్వడంతో న్యాయం అయిపోదు. ఆమె అధ్యాయంలో పని కూడా కనపడాలి, పని మధ్యలోనే నవ్వు రావాలి.

వాన కోసం కప్పల ఊరేగింపు ఒక అధ్యాయం తప్పకుండా కావాలి. రోకలికి వేపమండలు చుట్టి, కప్పని కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద నీళ్ళు పోస్తారు. కప్పని ఎవరు పట్టాలి? కరువులో కప్ప దొరకడమే గొప్ప. మగపిల్లలు ఎండిన చెరువంతా గాలించి ఒక కప్పని పట్టుకొస్తారు. ఆడపిల్లలు రాత్రికి రాత్రి దాన్ని విడిపించి దాచేస్తారు. తెల్లారి ఊరు ఊరంతా కప్ప కోసం ఎదురుచూస్తుంది, పూజారితో సహా. ఆ రోజే వాన పడితే? పడిందంటే పుణ్యం ఎవరిది, కప్పని పట్టినవాళ్ళదా, విడిచినవాళ్ళదా? దీని మీద మీ ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి, అన్నం తినే వేళ దాటిపోతుంది.

భాష సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. అటు బళ్ళారి, ఇటు పావగడ గాలి కలిసిన ఈ మాటలోనే రాయాలి. పిల్లలు ‘చేస్తున్నాను’ అంటే చదివే పిల్లలు నమ్మరు, ‘చేస్తాండా’ అనాలి.

ముగింపు దగ్గర మాత్రం ఒక ప్రమాదం ఉంది. మన పాఠకులు ఎదురింటి అబ్బాయినీ అమ్మాయినీ చూడగానే ఆఖరి పేజీలో పందిరి వేసేస్తారు. సినిమాలు మనకి చేసిన అలవాటు అది. నవలకి ఆ పని చెయ్యొద్దు. వాళ్ళని పదకొండేళ్ళ దగ్గరే ఉండనివ్వాలి, తగాదా తేలకుండానే వదలాలి. నేలర్ పన్నెండు పుస్తకాల దాకా లాగింది. మనం ఒక్క ఎండాకాలం లాగినా చాలు.

మరి రాసేదెవరు? నాలాంటి పెద్దవాళ్ళు రాస్తే నీతి జొరబడుతుంది, ఇప్పటికే ఈ ప్రసంగంలోకి రెండుసార్లు తొంగిచూసింది. ఈ కార్యక్రమం వింటున్న ఉపాధ్యాయులకి ఒక మనవి. మీ ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక అధ్యాయం మగపిల్లలు రాయాలి, దానికి జవాబుగా తర్వాతి అధ్యాయం ఆడపిల్లలు రాయాలి. తప్పులు దిద్దకండి. మొదటి అధ్యాయం ఎవరు రాయాలన్న దగ్గరే గొడవ వస్తుంది. చీటీలు వెయ్యండి. ఆ చీటీలు ఎవరు రాయాలి, ఎవరు తియ్యాలి అన్న దగ్గర ఇంకా పెద్ద గొడవ వస్తుంది. అప్పుడు మీరేమీ సర్దిచెప్పకండి. ఆ గొడవనే మొదటి అధ్యాయంగా రాసుకోమనండి.